బంపరు సందులో

గిద్దలూరులో నంద్యాల రోడ్డు మీద, ఊరు అయిపోతుందనగా ఎడమ పక్కన ఒక రేకుల షెడ్డు ఉంటుంది. అందులో పావని కార్లకు పాలిష్ పెడుతుంది. ముందు ఆ షెడ్డు నడిపింది ఆమె భర్త రమణ. అతను లారీ ఎక్కి, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువగా ఉండడం మొదలయ్యాక పని ఆమె చేతికి వచ్చింది. కార్లు కడగడం, తుడవడం ఓబులేసు చూసుకుంటాడు. రమణకు దూరపు మేనమామ వరస కాబట్టి పావని కూడా అతన్ని మామా అనే పిలుస్తుంది.

బానెట్టు, తలుపులు, పైకప్పు లాంటి వెడల్పాటి చోట్లకు పెద్ద మెషిన్ సరిపోతుంది. కానీ తలుపు పిడి వెనక గుంట, పక్క అద్దం మెడ, లైటుకూ బంపరుకూ మధ్య సందు ఉంటాయి కదా, అక్కడ పెద్ద మెషిన్ పట్టదు. బలవంతంగా పెడితే అంచు మీద రంగు కాలిపోయి లోపలి తెల్లపూత బయటపడుతుంది. అలాంటి చోట్లకు పావని దగ్గర పిడికిట్లో ఇమిడే చిన్న మెషిన్ ఉంది. దాని ముందు తిరిగే ప్యాడ్ పూరీ బిళ్ళంత ఉంటుంది, అంతే. దాంతో పని చేయాలంటే ఓపిక కావాలి. మొహం సందుకు దగ్గరగా పెట్టాలి. ఒక చెయ్యి మెషిన్ పట్టుకుంటే రెండో చెయ్యి, బంపరు అదరకుండా, లోపలికి పోయి వెనక నుంచి ఆనించాలి.

ఆ రెండో చెయ్యి దగ్గరే పావనికి భయం.

ఆమె పుట్టిల్లు కొనకనమిట్ల పక్క పల్లె. చిన్నప్పుడు ఒకరోజు పొద్దున్నే పొయ్యిలోకి పిడకలు తెమ్మని అమ్మ చెబితే, తెచ్చే వంతు పావనిదే అయినా నిద్రమత్తులో కదల్లేదు. అక్క అనురాధ విసుక్కుంటూ పోయి పిడకల గూట్లో చెయ్యి పెట్టింది. "ఏందో గుచ్చుకునిందే" అంటూ వచ్చి పొయ్యి ముందర కూర్చుంది. ఆటోలో పొదిలి ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ఆమె మాట ముద్దయింది, కళ్ళు మూతలు పడ్డాయి. మళ్ళీ తెరవలేదు.

అప్పటి నుంచి చూపు ఆనని చోట చెయ్యి పెట్టాలంటే పావనికి వెన్నులో చలి పుడుతుంది. షెడ్డులోనూ అంతే. ఒకసారి ఇంజను కింద తెగి వేలాడుతున్న బెల్టును చూసి కేక పెట్టింది. ఇంకోసారి ఒక పంతులుగారి కుటుంబాన్ని కారులోంచి దింపి, పాములు పట్టే దావీదును పిలిపించింది. దావీదు గంటసేపు వెతికి, ఊడిపోయిన రబ్బరు పట్టీని బయటికి లాగి ఆమె చేతిలో పెట్టాడు. పంతులుగారు నవ్వారు, టీ అంగట్లో వాళ్ళూ నవ్వారు. ఓబులేసు ఆ కథను వచ్చిన ప్రతి బండివాడికీ చెప్పాడు. అప్పటి నుంచి నేల మీద ఏ తాడు కనపడినా, "పావనీ, నీ చుట్టం వచ్చినాడు చూడు" అంటాడు. అతనిది చెడ్డ మనసు కాదు. కానీ ఆ నవ్వు ఆమెకు లోపల ఎక్కడో గీరుకునేది.

ఆ రోజు వచ్చిన కారు నల్లది. తెచ్చింది కొమరోలు దగ్గరి పల్లెటూరి రైతు నరసింహులు. మూడేళ్ళ కింద ముచ్చటపడి కొన్నాడు. పోయిన వానాకాలానికి కాస్త ముందు అతని కాలు విరగడంతో నడపలేకపోయాడు. కారు కొట్టం పక్కన, వరిగడ్డి వామి నీడలో, అలాగే పడి ఉండిపోయింది. ఇప్పుడు నంద్యాలలో ఒకరు కొంటామన్నారు. వాళ్ళ కంటికి ఆనేలా మెరిపించమని తెచ్చాడు. నంద్యాలలోనే తల్లి మాలకొండమ్మకు కళ్ళు కూడా చూపించుకొద్దామని వెంట తెచ్చుకున్నాడు. ఆమె కళ్ళలో పొరలు. కూతురు కావ్య, డిగ్రీ చదివే పిల్ల, అవ్వకు తోడు. ముగ్గురూ షెడ్డులో బల్ల మీద కూర్చున్నారు.

"తొందరగా కానీమ్మా. మధ్యాన్నానికి ఆడుండాల" అన్నాడు నరసింహులు.

"అయిపోతాదన్నా. సందుల్లోనే ఉండాది పని" అంది పావని.

నలుపు మీద ప్రతి గీతా కనపడుతుంది. బానెట్టు, తలుపులు పెద్ద మెషిన్‌తో పూర్తిచేసి, చిన్నది తీసుకుని పిడుల వెనక, అద్దాల మెడల కింద మెరుగు తెచ్చింది. చివరికి ముందు బంపరు దగ్గర కింద కూర్చుంది. కుడివైపు అయ్యాక ఎడమవైపు వచ్చింది. లైటు కింద జల్లెడ లాంటి జాలీ, దాని అంచున చెయ్యి పట్టేంత సందు ఉన్నాయి. మెషిన్ వైరు కారుకు తగలకుండా భుజం మీదుగా వెనక్కి వేసుకుంది. ప్యాడు ఆనించి మీట నొక్కింది. ఎడమ చెయ్యి సందు వైపు చాపింది.

జాలీ వెనక నల్లగా నున్నగా ఏదో కదిలింది.

పావని మెషిన్ ఆపేసింది. చెయ్యి వెనక్కి లాక్కుంది. తల వంచి చూసింది. చీకటి తప్ప ఏమీ లేదు. భుజం కదిపితే, వెనక వేలాడుతున్న నల్ల వైరు నీడ బంపరు మీద మెలికలు తిరుగుతూ కదిలింది. ఇదేనా తను చూసింది? మళ్ళీ కదిపింది. మళ్ళీ నీడ కదిలింది. కానీ ఇందాక కదిలింది బంపరు మీద కాదు, లోపల. లోపలేనా?

"ఏంది పాపా, ఆపినావు?" అన్నాడు నరసింహులు.

"ఏముంది, పాము కనపడింటాది!" గొట్టంతో నీళ్ళు కొడుతూ ఓబులేసు అరిచాడు. "మా కోడలికి వారానికొకటి కనపడకపోతే తోచదు." ఆ వెంటనే పంతులుగారి కథ మొదలుపెట్టాడు. రబ్బరు పట్టీ దగ్గరికి వచ్చేసరికి నరసింహులు నవ్వాడు. కావ్య నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. మాలకొండమ్మ ఒక్కతే ఎటో చూస్తూ కూర్చుంది.

పావని కూడా నవ్వింది. "ఏం లేదన్నా. వైరు చిక్కుకునింది" అంది.

ఆ మాట అన్నాక ఇంకో మాట అనడానికి దారి లేకపోయింది. ఆమె ఎడమవైపు సందులో చెయ్యి పెట్టలేదు. పైపైన గుడ్డతో తుడిచింది. ఆ కాస్త మేర రంగు మసకగానే ఉండిపోయింది, ఎవరూ గమనించలేదు. నరసింహులు చుట్టూ తిరిగి చూసి, "అద్దం మాదిరి చేసినావమ్మా" అని మెచ్చుకున్నాడు. ముసలామెను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. కారు నంద్యాల వైపు తిరిగింది. పావని గుమ్మంలో నిలబడి, అది మలుపు తిరిగేదాకా చూసింది. పిలవాలని నోటిదాకా వచ్చింది. పిలవలేదు.

తర్వాత, అంచులకు అతికించి తీసేసిన టేపు ముక్కలు నేల మీంచి ఏరుతూ కారు ముందుభాగం నిలిచిన చోటికి వచ్చింది. తడిలో ఏదో అతుక్కుని ఉంది. ఉల్లిపొర అనుకుని వేలితో ఎత్తింది. పొర పలచగా, వేలెడు పొడవు ఉంది. వెలుతురుకు పెడితే దాని మీద వరసలు వరసలుగా పొలుసుల అచ్చు కనపడింది.

ఆమె చేతిలోంచి అది జారి పడింది.

"మామా!"

ఓబులేసు నవ్వుతూనే వచ్చాడు. వంగి చూశాడు. నవ్వు ఆగిపోయింది. "కుబుసం" అన్నాడు. "ఎప్పటిదో గావచ్చులే. వామి కాడ విడిచి పోయింటాది" అన్నాడు. కానీ ఆ మాట మీద అతనికే నమ్మకం ఉన్నట్టు లేదు.

"నేను చూసినా మామా. నిజంగానే చూసినా."

ఆమె నరసింహులు నంబరుకు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మోగీ మోగీ ఆగిపోయింది. మూడోసారి, అందుబాటులో లేదని చెప్పింది. దిగువమెట్ట దాటితే నల్లమల. లోపలికి పోయేకొద్దీ ఫోన్లు పనిచేయవు.

"నువ్వు దావీదును పిలువు మామా. నేను పోతాండా."

"యాడికి? అడివిలోకా? ఒక్కదానివా?"

ఆమె అప్పటికే స్కూటీ తీసింది.

ఎండ మండుతోంది. దిగువమెట్ట దాకా దారి పొడుగునా ఆమె ఒకే మాట అనుకుంటూ పోయింది: అది పాతదే అయి ఉండాలి, వామి దగ్గరిదే అయి ఉండాలి. ఊళ్ళో టీ కొట్టు ముందర ఆగి నల్లకారు గురించి అడిగింది. ఇప్పుడే పోయిందని చెప్పారు. అక్కడి నుంచి చెట్లు దగ్గరపడ్డాయి. రోడ్డు కొండల్లోకి మెలికలు తిరిగింది. ఎదురుగా వచ్చే లారీలు తప్ప మనిషి అలికిడి లేదు. కోతులు గట్టు మీద కూర్చుని చూస్తున్నాయి. ఒక మలుపులో చెట్ల వెనక ఏదో పెద్దది కొమ్మలు విరుచుకుంటూ పోయిన చప్పుడైంది. ఆమె అటు చూడలేదు. చూస్తే వెనక్కి తిరుగుతానని తెలుసు. ప్రతి మలుపు ముందరా, తిరగగానే కారు లోయలో పడి కనపడుతుందేమోనని ఊపిరి బిగపట్టింది. కాళ్ళ దగ్గర పామును చూసి నరసింహులు ఒక్కసారి ఉలిక్కిపడితే చాలు.

ఇంకో భయం కూడా ఆమె వెంట వచ్చింది. అంత దూరం పోయి ఆపాక పాము లేకపోతే? ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అది పోలేదు.

రెండు ఘాట్ రోడ్డు మలుపులు దాటాక కారు కనపడింది. రోడ్డు పక్కన చెట్టు నీడలో ఆగి ఉంది. నరసింహులు బయట నిలబడి నీళ్ళు తాగుతున్నాడు. కావ్య కొంచెం దూరంగా గట్టు మీద కూర్చుని ఉంది. మలుపులకు ఆ పిల్లకు కడుపులో తిప్పితే ఆపారట. డ్రైవరు వైపు తలుపు తెరిచే ఉంది. ముసలామె ముందు సీట్లో అలాగే ఉంది.

"నువ్వా? ఏందమ్మా, ఏమన్నా మర్చిపోయినామా?" నరసింహులు ఆశ్చర్యపోయాడు.

పావని స్కూటీ దిగింది. "అన్నా, కార్లో పాముండాది" అంది. "ముందర సందులో చూసినా. మీరు పోయినాక కుబుసం దొరికింది."

నరసింహులు మొదట నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "చూసినావా? ఎప్పుడు? అంగట్లోనా? అప్పుడే చెప్పాలగదా!" అంటూనే కారు వైపు గబగబా నడిచాడు. "అమ్మా! దిగు, అమ్మా!"

ముసలామె కదల్లేదు.

"నిద్రపోతాంది" అంది కావ్య లేచి వస్తూ.

పావని అద్దంలోంచి చూసింది. మాలకొండమ్మ కళ్ళు మూసుకోలేదు. పొరలు కమ్మిన ఆ కళ్ళు తెరిచే ఉన్నాయి, ముందుకే చూస్తున్నాయి. మెడ నరాలు బిగుసుకుని ఉన్నాయి. ఒడిలో పెట్టుకున్న చేతిలో చూపుడువేలు ఒక్కటే, చాలా నెమ్మదిగా, అటూ ఇటూ ఆడింది. వద్దు అన్నట్టు.

పావని నరసింహులు చొక్కా పట్టుకుని లాగింది. అతను తలుపు పిడి మీద చెయ్యి వేయబోతున్నాడు.

"ముట్టుకోవద్దన్నా. మేలుకునే ఉండాది. చూడు."

కిటికీ సగం దింపి ఉంది. ఏసీ పడదని ముసలామె దింపించుకుంది. ఆ సందులోంచి ఆమె మాట వచ్చింది. పెదవులు కదిలాయో లేదో కూడా తెలియలేదు.

"కాళ్ళ మీద ఉండాది."

కావ్య రెండు చేతులతో నోరు మూసుకుంది. నరసింహులు మొహంలో రక్తం లేదు. పావని మునివేళ్ళ మీద నిలబడి కిటికీలోంచి కిందికి చూసింది. ముసలామె పాదాలకు చెప్పులు లేవు. ముడతలు పడిన ఆ పాదాల మీదుగా, చీర అంచు కిందుగా, నల్లగా నిగనిగలాడుతూ, సన్నటి తెల్ల కట్లతో ఒక శరీరం పడి ఉంది. తల ఎక్కడుందో కనపడలేదు. చుట్టలో దాచుకున్నట్టుంది. అది కదలడం లేదు.

కట్లపాము. అనురాధను పిడకల గూట్లో కరిచింది కూడా అదేనని ఆ రోజు పెద్దవాళ్ళు అనుకున్నారు.

పావనికి పారిపోవాలనిపించింది. నిజంగానే ఒక అడుగు వెనక్కి వేసింది.

అంతలో కింద నుంచి లారీ ఒకటి మూలుగుతూ ఎక్కి వచ్చింది. అది దాటుతుంటే కారు మొత్తం ఊగింది. పాదాల మీది చుట్ట కొద్దిగా సర్దుకుంది. ముసలామె గొంతులోంచి చిన్న చప్పుడు వచ్చింది.

"కావ్యా," పావని గుసగుసగా అంది, "నువ్వు మలుపు కాడికి పో. వచ్చే బండ్లను ఆపు. చున్నీ ఊపు. పరిగెత్తొద్దు, నడిచి పో."

కావ్య ఏడుస్తూనే పోయింది.

"నేను లాగేస్తా. ఒక్కసారిగా లాగేస్తా" అన్నాడు నరసింహులు. అతని చేతులు ఆడుతున్నాయి.

"లాగితే కొడతాది. ఆగన్నా."

"ఎంతసేపు ఆగాల?"

ముసలామె నుదుటి మీద చెమట చుక్కలు కట్టి చెంపల మీదికి జారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు. చెట్ల మీద ఏవో పక్షులు గోల చేస్తున్నాయి.

ముసలామె వైపు తలుపు కూడా తెరిస్తే బాగుంటుందని పావనికి అనిపించింది. పాము కదిలిన క్షణాన ఆమెను బయటికి తీయడానికి దారి ఉండాలి. కానీ పిడి లాగితే టక్కుమని చప్పుడవుతుంది. నరసింహులు చేతులు చూస్తే అతని వల్ల కాదని తెలుస్తోంది. పావని కుడిచెయ్యి పిడి కింద గుంటలోకి పోనిచ్చింది. పొద్దున ఎంత మెరుగు పెట్టిందంటే వేళ్ళు జారుతున్నాయి. ఎడమ చేత్తో తలుపు అంచును లోపలికి అదిమిపట్టి, పిడిని వెంట్రుకవాసి చొప్పున లాగింది. లోపల ఏదో నెమ్మదిగా వదులైంది. తలుపు చెయ్యి పట్టేంత తెరుచుకుంది. అక్కడ ఆపింది.

ఇప్పుడు పాముకూ పావనికీ మధ్య ఏమీ లేదు.

ఎంతసేపు అలా వంగి నిలబడిందో పావనికి తెలియదు. నడుము మొద్దుబారింది. ఎండ సీటు అంచు మీదికి పాకి, మెల్లగా ముసలామె పాదాల మీదికి వచ్చింది. అప్పుడు చుట్ట విడింది. తల బయటికి వచ్చింది. పావని చేతి వైపు తిరిగి, నాలుక ఆడించింది. ఆమె ఊపిరి తీయలేదు. అది మనసు మార్చుకున్నట్టు లోపలికి తిరిగి, వైర్ల మధ్య నుంచి డాష్‌బోర్డు కింది చీకట్లోకి ఎక్కడం మొదలుపెట్టింది. కట్లు కట్లుగా పోతూనే ఉంది. తోక కూడా పోయింది.

"అవ్వా, కాళ్ళు పైకి!"

ముసలామె మోకాళ్ళు ఎత్తింది. పావని చంకల కింద, నరసింహులు కాళ్ళ కింద చేతులు వేసి ఒక్క ఊపులో ఆమెను బయటికి తీసుకున్నారు. నరసింహులు వెనక్కి తిరిగి కాలితో తలుపు తన్నాడు. అవతలి తలుపు కూడా మూసి తాళం వేశాడు. అప్పుడు గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కానీ పావని ముసలామె పాదాల వైపే చూస్తోంది. ఎడమ చీలమండ పైన సన్నగా ఎర్రగా ఒక గీత ఉంది.

"అవ్వా, కరిచిందా?"

"తెలీదు పాపా. తిమ్మిరెక్కి ఏం తెలీలా."

నంద్యాల నుంచి వచ్చే ఆర్టీసీ బస్సును కావ్య ఆపింది. ముసలామెను నడవనీయకుండా ఎత్తుకుని ఎక్కించారు. ఆమె పావని మణికట్టు పట్టుకుని వదల్లేదు. అందుకని పావని స్కూటీని అక్కడే వదిలి బస్సెక్కింది. దిగువమెట్టలో ఓబులేసు, దావీదు బైకు మీద ఎదురొచ్చారు. నరసింహులు కిటికీలోంచి కారు తాళం దావీదుకు ఇచ్చాడు. ఓబులేసు బస్సులోకి తొంగి చూశాడు. ఏదో అడగబోయి, అందరి మొహాలూ చూసి తల దించుకున్నాడు.

గిద్దలూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ కాలి మీది గీతను లైటు వేసి చూసింది, సూది గుచ్చి రక్తం తీసుకుంది.

"ముల్లు గీరిందో, పాము పన్నో చెప్పలేను" అంది. "కట్లపాము కాటు ఒక్కోసారి కనపడదు. నొప్పి కూడా ఉండదు. రేపటిదాకా ఇక్కడే ఉంచుదాం. కళ్ళు మూతలు పడుతున్నా, మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా వెంటనే నన్ను పిలవండి. మందు సిద్ధంగానే ఉంది."

ఆ మాట విన్నాక పావని మంచం పక్క నుంచి లేవలేదు. మాలకొండమ్మ కనురెప్పలు వయసు వల్ల ముందే వాలి ఉన్నాయి. ఎప్పుడు కునుకుతుందో, ఎప్పుడు చూస్తుందో తెలియదు. ఒక్కోసారి రెప్ప ఇంకాస్త కిందికి దిగినట్టు అనిపించేది. "అవ్వా, కళ్ళు తెరువు" అని పావని కుదిపేది. తెరిచేది. రెప్పలు మళ్ళీ దిగేవి. రెండుసార్లు నర్సును పరిగెత్తించింది. రెండుసార్లూ నర్సు టార్చి వేసి చూసి, ఏం లేదని పోయింది. మూడోసారి పిలవాలా వద్దా అని సందేహించి, సందేహించినందుకు తనను తిట్టుకుని, పిలిచింది. నర్సు నవ్వలేదు. మళ్ళీ చూసి పోయింది.

పొద్దు వాలుతుండగా దావీదు వచ్చి ఫోనులో ఫోటో చూపించాడు. ప్లాస్టిక్ డబ్బాలో నల్లటి చుట్ట, తెల్ల కట్లు. డాష్‌బోర్డు సొరుగు ఊడదీస్తే వెనక దొరికిందట. ఎలుకల గూడు కూడా ఉందట లోపల. దాన్ని అటవీశాఖ వాళ్ళకు అప్పగించానని చెప్పాడు.

నరసింహులు ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. పావనిని వరండాలోకి రమ్మన్నాడు.

"నీకు అంగట్లో కనపడిందా, లేదా? నిజం చెప్పు."

"కనపడిందన్నా."

"మరి వైరు అన్యావు."

"నవ్వుతారని."

అతను ఆమె వైపు అర్థం కానట్టు చూశాడు. "నవ్వితే సస్తారా ఎవురన్నా? మా యమ్మ కాళ్ళ మీద పండుకునిందమ్మా అది. నవ్వుతారనా?"

పావని తల ఎత్తలేదు. అతను గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. తర్వాత బయటికి పోయాడు. ఆ రోజు మళ్ళీ ఆమెతో మాట్లాడలేదు. మరుసటి రోజు కూడా మాట్లాడలేదు.

ఆమె మంచం దగ్గరికి వచ్చేసరికి ముసలామె అటే చెవి పెట్టి ఉంది. కావ్య బల్ల మీద నిద్రపోతోంది.

"నిద్రొస్తాంది పాపా. నువ్వేదన్నా చెప్పు, మేలుకుంటా" అంది మాలకొండమ్మ.

పావనికి ఏం చెప్పాలో తెలియలేదు. నోరు తెరిస్తే అనురాధ గురించి వచ్చింది. పిడకల గూడు, పొదిలి దారి, ఆటో. తెచ్చే వంతు తనదే అన్న మాట ఇంతవరకూ రమణకు కూడా చెప్పలేదు. ఈమెకు చెప్పింది. ముసలామె మధ్యలో ఊ కొడుతూ వింది, ఓదార్చలేదు.

"మా గొర్లమందకాడ ఎన్ని చూసినామో" అంది తర్వాత. "కదలకుంటే ఏం చేయదు అంటాండె మా ఆయన. అంతా ఉత్తదే పాపా. కదలకుండా ఉండేది ఎవురికి చేతనైతాది? సల్లగా, కుచ్చిళ్ళ కింద నుంచి వచ్చింది. కండ్లకు కానరాదు గదా, మొదట పైపు అనుకున్యా. పైపు అయితే తనంత తాను జరగదు." పావని చేతిని దగ్గరికి లాక్కుంది. "భయానికి చీరలోనే పోసుకున్యా. బస్సులో గూడ తడిచీరతోనే వచ్చినా. మా వాండ్లకు తెలీదు. ఎవురికీ చెప్పొద్దు."

"చెప్పనవ్వా" అంది పావని.

లేచి, నర్సును అడిగి ఒక పాతచీర తెచ్చింది. దుప్పటి అడ్డం పట్టుకుని ముసలామెకు కట్టింది. తడిచీర పిండి కిటికీ మీద ఆరేసింది. మళ్ళీ కూర్చుని ఆ కళ్ళనే చూస్తూ ఉంది. చూస్తూ చూస్తూ తెల్లవారింది. ముసలామె అన్నం అడిగింది. మాట స్పష్టంగానే ఉంది. డాక్టరమ్మ వచ్చి రెప్పలు ఎత్తించి, నీళ్ళు తాగించి చూసి, విషం ఎక్కలేదని, ఇంకో పూట ఉండి పోవచ్చని చెప్పింది. పావని అప్పుడు బయటికి పోయి మొహం కడుక్కుంది.

ఆ నల్లకారును నరసింహులు ఇంకెవరి ద్వారానో అమ్మేశాడని తర్వాత తెలిసింది. అతను మళ్ళీ షెడ్డుకు రాలేదు. కావ్య మాత్రం ఒకసారి బస్సు దిగి, అవ్వ పంపిందని జొన్నరొట్టెలు, కారప్పొడి ఇచ్చిపోయింది. ఒక కన్నుకు ఆపరేషను అయ్యిందట.

ఓబులేసు పంతులుగారి కథ చెప్పడం మానేశాడు. దాని గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

పావనికి భయం తగ్గలేదు. ఇప్పుడు ఏ కారు వచ్చినా బానెట్టు ఎత్తించి, బంపరు మీద చేత్తో చరిచి, టార్చి వేసి ప్రతి సందూ చూసేదాకా మెషిన్ ముట్టుకోదు. ఊళ్ళో తిరిగే కారైనా, నిన్ననే షోరూమ్ నుంచి వచ్చిన కారైనా ఆమెకు ఒకటే. మొన్న బేస్తవారిపేట నుంచి వచ్చిన ఒకతను అదంతా చూసి పగలబడి నవ్వాడు. "ఏందమ్మా, మా బండ్లో పులి ఉండాదా?" అన్నాడు.

"ఏమో అన్నా. దిగండి, చూసినాక చెప్తా" అంది పావని. అతను నవ్వుతూనే ఉన్నాడు. ఆమె టార్చి పట్టుకుని, అతను దిగేదాకా అక్కడే నిలబడింది.